పుచ్చుకున్న చెయ్యి

"గోల్సు ఏవండీ?" అని అడిగాడు దేవరాజ్, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని.

"నేను గోల్సు వెయ్యనండి," అన్నాడు షాకీర్.

దేవరాజ్ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో ఇరవై రెండేళ్ళుగా పెళ్ళి వీడియోలు కట్ చేసి, పాటలు కలిపి ఇస్తున్న మనిషి. అసలే శ్రావణమాసం. ఆరు పెళ్ళిళ్ళ ఫుటేజీ కంప్యూటర్లో పోగుపడి ఉంది. పెనుగంచిప్రోలు నుంచి పెళ్ళికూతురి తల్లి భారతీదేవి గారు రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి మా వీడియో ఏమైందని నిలదీస్తున్నారు. ఇంత హడావిడిలో ఫుట్‌బాల్ ఆటగాడినంటూ ఒకడొచ్చి, తన ఆటని రెండున్నర నిమిషాల వీడియోగా చేసిపెట్టమన్నాడు. కొత్తరకం పని కదా అని ఒప్పుకుంటే, తీరా గోల్సే లేవంటున్నాడు.

"మరి ఏం చేస్తారండీ మీరు?"

"మధ్యలో ఆడతానండి. అవతలివాళ్ళ దగ్గర బంతి లాక్కుని మనవాళ్ళకి ఇస్తా."

"ఇచ్చేసి?"

"మళ్ళీ లాక్కుంటా."

"పద్నాలుగేళ్ళ నించీ ఇదే పనా?"

"ఇదేనండి."

దేవరాజ్ నవ్వలేదు. ఈ ఊళ్ళో షాకీర్ పని విని నవ్వనివాళ్ళు బహు తక్కువ. పొద్దున్నే సాగర్ కాలవ కట్ట మీద పరిగెడుతుంటే పాలు పోసే చంద్రమౌళి సైతం బండి ఆపి, "ఏంటి షాకీరూ, ఈ వయసులో పోలీసు సెలక్షన్సా?" అంటాడు. క్రికెట్ అయితే నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్ళు. ఫుట్‌బాల్ ఆడితే నెలనెలా జీతం వస్తుందన్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎవరి బుర్రకీ ఎక్కలేదు. ఎక్కకపోతే పోనీలే అని షాకీర్ చెప్పడం మానేశాడు.

ఫోన్ తీసి దిలీప్ పంపిన వాయిస్ మెసేజ్ వినిపించాడు. దిలీప్ విజయవాడ కుర్రాడు. కాలు విరిగి ఆట మానేశాక బెంగుళూరులో కూర్చుని ఆటగాళ్ళకి టీములు చూసిపెడుతుంటాడు.

"అన్నా, గౌహతి టీములో ఒక్క ఖాళీ ఉంది. కోచ్ కొత్తవాడు, నిన్నెరగడు. వీడియో అడిగాడు. పోయినేటి మ్యాచులే ఉండాలి, రెండున్నర నిమిషాలు దాటకూడదు. శనివారం సాయంత్రానికి పంపు. సోమవారంతో రిజిస్ట్రేషన్లు మూసేస్తారు. ఇంకెక్కడా ఖాళీల్లేవన్నా, ఇదే ఆఖరు. పాటలూ గీటలూ పెట్టించకు."

"పాటలు వద్దంటున్నాడా?" అన్నాడు దేవరాజ్ దిగులుగా.

ఆఖరు అన్న మాట షాకీర్ చెవుల్లోనే ఉండిపోయింది. ముప్ఫై మూడేళ్ళు. ఒక సీజను ఖాళీగా కూర్చున్నవాడికి ఆ పైన ఎవరూ ఫోన్ చెయ్యరు. ఈ సోమవారం దాటితే తను ఫుట్‌బాల్ ఆటగాడు కాడు. ఇరవై గజాల దూరంలో మనిషి ఎటు తిరగబోతాడో ముందే పసిగట్టడం తప్ప ఇంకో పని చేతకాని మనిషి.

*

శుక్రవారం నమాజు నుంచి నేరుగా షాపుకే వచ్చాడు. పోయినేడు ఆడిన కోయంబత్తూరు టీము ఇప్పుడు లేదు. సీజను అవగానే యజమానులు మూసేసి ఎవరి దారిన వాళ్ళని పొమ్మన్నారు. మిగిలింది యూట్యూబులో పద్దెనిమిది మ్యాచులు. మధ్యాహ్నం రెండున్నర ఎండలో ఖాళీ మెట్ల ముందు ఆడినవి. ఒక్కోదాన్ని చూసినవాళ్ళు మూడొందల మంది కూడా ఉండరు.

దేవరాజ్ ఒక్కో మ్యాచూ తెరిచి ముందుకి లాగుతుంటే షాకీర్ పక్క స్టూలు మీద కూర్చుని, "ఆగండాగండి, ఇక్కడ," అంటున్నాడు. ఆపి చూస్తే షాకీర్ ఉండడు. కెమెరా బంతి వెంట పోతుంది. బంతి రాబోయే చోటికి ముందే వెళ్ళి నిలబడటం షాకీర్ పని. అంటే బంతి వచ్చేదాకా అతను బొమ్మలో లేనట్టే. వచ్చిన మరుక్షణం ఇచ్చేస్తాడు. బంతితో పాటు కెమెరా కూడా వెళ్ళిపోతుంది.

"పెళ్ళికొడుకు తాత లాగా ఉన్నారండీ మీరు," అన్నాడు దేవరాజ్. "పెళ్ళంతా ఆయనే నడిపిస్తాడు. వీడియోలో వెతికితే మోచెయ్యి కనపడుద్ది."

షాకీర్ నవ్వాడు. నవ్వుతూనే ఎడం మోకాలు రుద్దుకున్నాడు.

నాలుగింటికల్లా దేవరాజ్ కన్ను ఆటకి అలవాటు పడింది. పెళ్ళి పందిట్లో వెయ్యి మందిలో మేనమామని పట్టుకునే కన్ను అది. పన్నెండో మ్యాచుకొచ్చేసరికి షాకీర్ చెప్పకముందే ఆపుతున్నాడు. "ఇదుగో, మేజోడు పైకి లాక్కున్నారు. లాక్కున్నారంటే ఇప్పుడు బంతి మీ దగ్గరికి వస్తుందన్నమాట. అంతేనా?"

షాకీర్ అతని మొహంలోకి చూశాడు. పద్నాలుగేళ్ళలో తొమ్మిదిమంది కోచ్‌లు మారారు. ఒక్కరూ ఆ మేజోడు సంగతి కనిపెట్టలేదు. తనకే తెలియదు.

ముక్కలు దొరికాయి. ఇరవై మూడు. ఇక వాటిని ఎక్కడ కొయ్యాలన్నది తేలలేదు. షాకీర్ బంతి లాక్కోగానే కోసేస్తే సరిపోతుందేమో అనుకున్నాడు. దేవరాజ్ ఒప్పుకోలేదు.

"అట్టా కొయ్యకూడదండి. చదివింపుల్లో మాకొక పద్ధతుంది. నేను పనిలోకి వచ్చిన కొత్తల్లో నందిగామ పెళ్ళొకటి చేశా. పెళ్ళికూతురి పెద్దనాన్న వచ్చి కవరు ఇచ్చాడు. వెనకాల బోలెడు మంది వరసలో ఉన్నారుగా అని, కవరు చేతులు మారకముందే కోసేశా. వీడియోలో మా అన్న ఇచ్చినట్టే లేదు, మగపెళ్ళివాళ్ళు కావాలనే తీయించారని పెళ్ళికూతురి నాన్న గొడవ, రెండిళ్ళవాళ్ళూ రెండేళ్ళు మాట్లాడుకోలా. ఆ రోజు మా గురువుగారు చెప్పారు. ఇచ్చిన చెయ్యీ పడాలి, పుచ్చుకున్న చెయ్యీ పడాలి. ఆ పైన పుచ్చుకున్నవాళ్ళ మొహం మీద ఒక్క క్షణం ఆగాలి. వాళ్ళ మొహంలో వెలుగు చూస్తేనే ఇచ్చింది ఎంతో తెలుస్తుంది."

అని మొదటి ముక్క తన పద్ధతిలో కోసి చూపించాడు. తెర మీద షాకీర్ చుట్టూ, గుర్తుపట్టడానికి, ఎర్ర రింగు. లాక్కున్నాడు. తల ఎత్తకుండానే కుడివైపుకి కొట్టాడు. బంతి నలభై గజాలు పోయి పదిహేడో నంబరు చొక్కా వాడి కాలి ముందు పడింది. ఆ కుర్రాడు పరుగు ఆపకుండానే బంతిని అందుకుని దూసుకుపోయాడు. పోతూపోతూ వెనక్కి తిరిగి, బంతి పంపినవాడి వైపు బొటనవేలు ఎత్తి నవ్వాడు. ఆ నవ్వు మీద దేవరాజ్ ఒక్క క్షణం ఆపాడు.

షాకీర్ స్టూలు ముందుకి జరుపుకున్నాడు. తను చేసే పని ఇది. సరిగ్గా ఇదే. ఇంట్లోవాళ్ళకి, ఊళ్ళోవాళ్ళకి, ఆఖరికి కొందరు కోచ్‌లకి కూడా చెప్పలేకపోయినదాన్ని, ఫుట్‌బాల్ అంటే ఏమిటో నిన్నటిదాకా తెలియని మనిషి ఆరు సెకన్లలో చూపించాడు.

"ఇట్టాగే కానియ్యండి," అన్నాడు. "అన్నీ ఇట్టాగే."

*

శనివారం మధ్యాహ్నానికి వీడియో తయారైంది. మొదట్లో రాలిపడే పూలరేకులు తీసెయ్యమంటే దేవరాజ్ కాస్త నొచ్చుకుని తీసేశాడు. దిలీప్‌కి పంపేశాక షాకీర్ ఇంటికెళ్ళి భార్యకి చూపించాడు.

షమా చీరకి ఫాల్ కుడుతోంది. సూది చీరకే గుచ్చి ఉంచి ఫోన్ అందుకుంది. మొత్తం చూసింది.

"ఈ నవ్వే అబ్బాయి ఎవరండీ?"

"బెన్ని. త్రిచూర్ కుర్రాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. వచ్చిన కొత్తల్లో గాభరాపడి, మనం బంతి కొట్టకముందే ముందుకి పరిగెత్తేవాడు. ఎప్పుడు కదలాలో నేనే నేర్పా." షాకీర్ చెప్పుకుపోతూనే ఉన్నాడు. షమా తలాడించి ఫోన్ ఇచ్చేసింది.

"అన్నయ్య ఫోన్ చేశాడు," అంది. "సోమవారం లోపు చెప్పమంటున్నాడు."

షమా అన్న ఇక్బాల్‌కి చిల్లకల్లు హైవే మీద టైర్ల షాపు. నందిగామలో ఒక స్కూలు కరస్పాండెంటు భవానీప్రసాద్ గారు అతని ఖాతాదారు. స్కూలు వ్యాను డ్రైవరు మానేస్తే, ఆ పనికి ఇక్బాల్ షాకీర్ పేరు చెప్పాడు. వ్యాను రాత్రిళ్ళు పేటలోనే ఉంటుంది. పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుని నందిగామ పోవాలి, సాయంత్రం తీసుకురావాలి. మధ్యలో ఖాళీ కాబట్టి పిల్లల్ని గ్రౌండులో నిలబెట్టి డ్రిల్లు చేయించాలి. "ఫుట్‌బాల్ అవసరం లేదయ్యా, లైన్లో నిలబడితే చాలు," అన్నారట ఆయన.

"సోమవారం చెప్తాలే," అన్నాడు షాకీర్. ఆ మాట హుషారుగానే అన్నాడు. వీడియో అంత బాగా వచ్చింది మరి.

*

ఆదివారం మూడింటికి దిలీప్ ఫోన్ వచ్చింది.

"అన్నా, వీడియో అదిరింది. కోచ్ రెండుసార్లు చూశాడంట."

షమా సూది ఆపి చూస్తోంది. షాకీర్ లేచి నిలబడ్డాడు. "ఏమన్నాడు?"

దిలీప్ గొంతు సవరించుకున్నాడు. "ఆ పదిహేడో నంబరు ఎవరని అడిగాడన్నా."

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది ఎంతకీ అందుకోవడం లేదు.

"అన్నా, ఉన్నావా?"

"ఉన్నా."

"నువ్వు బాగా ఆడావన్నాడు. బుర్ర ఉన్నోడన్నాడు. కాకపోతే వయసు... అందరికీ తెలిసిందేగా. ఆ కుర్రాడికి కూడా టీము లేదని తెలిసింది. ఏజెంటు కూడా లేడు. పాత నంబరు పనిచెయ్యట్లా. రేపు మధ్యాహ్నానికల్లా సంతకాలు అవ్వాలి. నీ దగ్గర నంబరేమన్నా ఉందా?"

షాకీర్ అడిగాడు. "వాడు దొరక్కపోతే?"

దిలీప్ కూడా ఒకప్పుడు ఆడినవాడే. అబద్ధం చెప్పలేకపోయాడు. "దొరక్కపోతే నిన్నే తీసుకుంటారన్నా. ఖాళీ వదులుకోరుగా. రెండో పేరు నీదే పెట్టా. ఇంక నేనేం చెప్పను, నీ ఇష్టం."

"చూసి చెప్తా," అని పెట్టేశాడు.

"ఏమన్నారు?" అంది షమా.

"చూస్తున్నారంట."

చెప్పులేసుకుని బయటపడ్డాడు. కాలవ కట్ట దాకా ఎట్టా నడిచాడో తెలియదు. తూము దిమ్మ మీద కూర్చున్నాడు. కాలవలో నీళ్ళు నిండుగా, బురద రంగులో పోతున్నాయి. అవతల పత్తి చేలో ఎవరో మందు కొడుతున్నారు.

బెన్ని కొత్త నంబరు అతని ఫోన్లో ఉంది. పోయిన నెలలో వాడే పంపాడు. 'భాయ్, ఇది నా కొత్త నంబర్. ఏదన్నా టీమ్ ఉంటే చెప్పండి, నాకింకెవరూ తెలియదు' అని ఇంగ్లీషులో రాశాడు. అంటే ఈ దేశంలో ఆ నంబరు ఫుట్‌బాల్ వాళ్ళలో తనొక్కడి దగ్గరే ఉన్నట్టు. తీసెయ్యడానికి రెండు సెకన్లు చాలు. తీసెయ్యక్కర్లేదు కూడా. రేపు మధ్యాహ్నం దాకా ఊరుకుంటే చాలు.

వాడికి ఇరవై రెండే. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. తనకి వచ్చే ఏడు లేదు. ఇందులో తప్పేముంది? రెండు గంటల సేపు షాకీర్ ఆ కుర్రాణ్ణి ద్వేషించాడు. వాడి నవ్వుని ద్వేషించాడు. వాడి బొటనవేలుని ద్వేషించాడు. ఒక్క క్షణం ఆగాలన్న దేవరాజ్‌ని, ఇట్టాగే కానియ్యండి అన్న తనని, అందరినీ కలిపి తిట్టుకున్నాడు. ఇచ్చిన చేతి దగ్గరే కోసేసి ఉంటే ఆ కోచ్‌కి పదిహేడో నంబరు కనపడేవాడే కాదు.

ఆ కోపంలోనే వీడియో మళ్ళీ పెట్టాడు. ఈసారి బంతిని వదిలేసి తనని మాత్రం చూసుకున్నాడు. రింగు ఉన్నంతసేపూ బాగానే ఉన్నాడు. రింగు పోయాక, కెమెరా కుడివైపుకి జరిగే ముందు, బొమ్మ అంచున అర సెకను కనపడతాడు. మొదటి ముక్కలో బంతి ఇచ్చి నిలబడిపోయాడు. రెండోదాంట్లో ఇచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. తొమ్మిదోదాంట్లో తిరిగి పాస్ ఇద్దామని బెన్ని వెనక్కి చూస్తే, రావాల్సిన చోట తను లేడు. ముప్ఫై గజాల వెనక ఎటో చెయ్యి చూపిస్తున్నాడు, పరిగెత్తలేనివాడు చూపించినట్టు. ఇరవై మూడు ముక్కలూ అలాగే చూశాడు. ఒక్కదాంట్లో కూడా ఇచ్చిన తర్వాత కదల్లేదు.

పోయినేడు ఇది తనకి తెలియదు. పరిగెడుతున్నాననే అనుకున్నాడు.

ఆ కోచ్ రెండుసార్లు ఎందుకు చూశాడో షాకీర్‌కి అర్థమైంది. తను కోచ్ అయినా అదే అడిగేవాడు. ఎవరన్నా పిలిచి, ఈ ఇద్దరిలో ఎవర్ని తీసుకోమంటావని తననే అడిగినా ఒక్క క్షణం ఆలోచించడు. అది తెలిసిన తర్వాత నంబరు దాచుకుని గౌహతి పోతే, ప్రతి మధ్యాహ్నం ఆ గ్రౌండులో ఏం మొహం పెట్టుకుని నిలబడాలి?

మందు కొట్టేవాడు డబ్బా దించి ఇంటికి బయల్దేరాడు. షాకీర్ నంబరు దిలీప్‌కి పంపాడు. పంపి, ఫోన్ తొడ మీద బోర్లించి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చాడు. కట్ట మీద పోయేవాళ్ళెవరన్నా చూస్తారన్న ధ్యాస కూడా లేదు.

*

సోమవారం పదకొండింటికి బెన్ని ఫోన్ చేశాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఎవరిదో వీడియోలో తనని చూశారట. సంతకం అయిపోయిందట. అమ్మ ఏడుస్తోందట. "ఎవరి వీడియో భాయ్? మీకేమన్నా తెలుసా?"

"తెలియదురా," అన్నాడు షాకీర్. "అక్కడ చలి ఎక్కువ. కండరాలు బాగా వేడెక్కాకే పరిగెత్తు. కుడి కాలు జాగ్రత్త."

ఫోన్ పెట్టి చూస్తే షమా వాకిట్లో నిలబడి ఉంది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. బీరువా తెరిచి, అడుగున బట్టల కింద నుంచి డ్రైవింగు లైసెన్సు తీసి టీవీ మీద పెట్టింది. షాకీర్‌కి ఇరవయ్యేళ్ళప్పుడు తండ్రి పోరుపెట్టి తీయించిన లైసెన్సు అది. "ఎందుకైనా మంచిది," అన్నాడు అప్పుడాయన. ఆ మాటకి ఆ రోజుల్లో షాకీర్ వారం రోజులు అలిగాడు. బావకి ఫోన్ చేసి, వస్తున్నానని భవానీప్రసాద్ గారికి చెప్పమన్నాడు.

సాయంత్రం పెన్‌డ్రైవు తెచ్చుకోవడానికి దేవరాజ్ షాపుకెళ్ళాడు. గుమ్మం దాటుతూనే ఆగిపోయాడు. లోపల బల్ల మీద తండ్రి ఇనాయతుల్లా కూర్చుని ఉన్నాడు. పింఛను కాగితాలకి ఫొటో దిగడానికి వచ్చాడట. ముప్ఫై ఏళ్ళు లారీ తోలి, కళ్ళకి శుక్లాలొచ్చి మానేసిన మనిషి. గోడకున్న పెద్ద టీవీలో వీడియో నడుస్తోంది. వచ్చిన ప్రతివాడికీ దేవరాజ్ అదే చూపిస్తున్నాడు.

ఇనాయతుల్లా కొడుకు ఆట చూడటం అదే మొదటిసారి. మెడ ముందుకి చాపి, నోరు కొద్దిగా తెరుచుకుని చూస్తున్నాడు.

"మావాడు ఏడండీ?"

"రింగు పెట్టింది ఆయనకేగా బాబాయ్," అన్నాడు దేవరాజ్.

"రింగు ఉన్నంతసేపు ఆనుతున్నాడు. తర్వాత చూపు బంతి వెంట పోతంది." ఆయన కళ్ళు నులుముకున్నాడు. "ఆ పరిగెత్తే పిల్లోడు బాగా ఆడుతున్నాడు."

"అవును నాన్నా," అన్నాడు షాకీర్ గుమ్మంలో నుంచి. "బాగా ఆడతాడు."

దేవరాజ్ గబగబా లేచాడు. "రండి రండి. ఏమైంది? తీసుకున్నారా?"

షాకీర్ చెప్పాడు. ఆ పిల్లాణ్ణి తీసుకున్నారని చెప్పాడు. దేవరాజ్ టీవీ వైపు చూశాడు. నవ్వుతూ బొటనవేలు ఎత్తిన కుర్రాడి దగ్గర బొమ్మ ఒక్క క్షణం ఆగింది. అతని మొహం పాలిపోయింది. ఏం జరిగిందో, ఎవరి చేతిలో జరిగిందో అతనికి తెలిసిపోయింది. రిమోట్ కోసం తడుముకుని టీవీ ఆపేశాడు.

"నేనే... ఆ ముక్కలు..." అన్నాడు.

"మీరు సరిగ్గానే కోశారండి," అన్నాడు షాకీర్. ఆ మాట నిజంగానే అన్నాడు.

"మరి నువ్వు ఎక్కడికి పోతున్నావురా?" అన్నాడు తండ్రి.

"నందిగామ నాన్నా. రేపటి నించి స్కూలు వ్యాను తోలుతున్నా."

ముసలాయన లేచి కొడుకు భుజం పట్టుకుని మెట్లు దిగాడు. బస్టాండు ముందుకి వచ్చాక ఇనాయతుల్లా అడిగాడు.

"ఏ బండి?"

"తెలియదు. ఇరవై సీట్లదంట."

"ఇరవై సీట్లదా? మంచిదే. బండి మంచిదేరా అది. క్లచ్చు మీద కాలు పెట్టి తోలే అలవాటుందా నీకు? ఉంటే మానెయ్. పొద్దున తాళం తియ్యగానే చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు చూసుకో, నీకెవడూ చెప్పడు. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కేటప్పుడు, అవతలోడు ఇండికేటర్ వేశాడని నమ్మకు. ముందు చక్రం చూడు. చక్రం తిరిగితేనే మనిషి తిరుగుతాడు."

"ఊ," అన్నాడు షాకీర్.

ఆయన గొంతులో ఎన్నడూ లేని ఉత్సాహం. పద్నాలుగేళ్ళలో ఏ ఊరు నుంచి దిగినా "తిన్నావా" అని అడిగాడే గాని, ఎట్టా ఆడావని అడగలేదు. ఆయనకి ఏమడగాలో తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసినదంతా ఒక్కసారిగా దొర్లుకొస్తోంది. వానలో బ్రేకు ఎట్టా వెయ్యాలో, టోల్‌గేటు దగ్గర ఏ వరసలో నిలబడాలో, నిద్ర ఆపుకోవడానికి ఏం నమలాలో చెబుతున్నాడు. కొడుకు భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు. ఆ చెయ్యి సంతోషంతో వెచ్చగా ఉంది. షాకీర్ అన్నిటికీ ఊ కొట్టాడు.

ఇల్లు వచ్చింది. షాకీర్ గేటు మీద చెయ్యి వేశాడు. ఇనాయతుల్లా ఆగలేదు.

"లోపలికెందుకురా, రా, ఆ చివరిదాకా పోయొద్దాం," అన్నాడు. "నీకు చెప్పాల్సింది చాలా ఉంది."